అరబ్ దేశాల్లో ప్రజాస్వామ్యం ఎందుకు నిలవలేదు? ఇక ముందైనా నిలుస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 2011లో ట్యునీషియా, ఈజిప్టు, లిబియా, యెమెన్, సిరియా అంతటా జనం రోడ్ల మీదికి వచ్చారు. దశాబ్దాలుగా పాతుకుపోయిన నియంతలు కొందరు దిగిపోయారు కూడా. అయినా ఎక్కడా ప్రజాస్వామ్యం మిగల్లేదు. మీ అన్నయ్య ఉంటున్న కువైట్‌లో సైతం 2024లో పార్లమెంటును రద్దు చేశారు. ఇదంతా మతం వల్లేనా? అక్కడ ప్రజాస్వామ్యం ఎప్పటికైనా వస్తుందా?

సూటిగా చెబుతాను. మతం వల్ల కాదు. ఎన్నికల్లో ఓడిపోయినవాడికి రక్షణ లేకపోవడం వల్ల. ఎన్నికలు జరపడం ఆ దేశాలకు చేతకాలేదని అనుకోకండి. 2011, 2012లలో ట్యునీషియా, ఈజిప్టు, లిబియా మూడూ చెప్పుకోదగ్గ ఎన్నికలే జరిపాయి. ఓడిన పక్షం "సరే, వచ్చేసారి చూసుకుందాం" అని ఇంటికి వెళ్లి నిశ్చింతగా పడుకునే పరిస్థితి మాత్రం ఏర్పడలేదు. ఓడితే జైలో, దేశం విడిచి పారిపోవడమో, ఇంకా ఘోరమో జరుగుతుందన్న భయం ఉన్నచోట ఓడినవాడు సైన్యాన్ని పిలుస్తాడు. గెలిచినవాడు కోర్టుల నోరు నొక్కుతాడు. భవిష్యత్తు గురించి అడిగారు కాబట్టి అదీ చెబుతాను: వచ్చే నాలుగైదేళ్లలో నేను పెద్దగా ఆశలు పెట్టుకోను. అలాగని ఆ కథ ముగిసిందనీ అనను.

నేను చాలాకాలం కువైట్‌లో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూశాను. అరబిక్ నేర్చుకున్నది అక్కడే. తిరిగి వచ్చాక పశ్చిమాసియా రాజకీయాల మీద తెలుగులో రాస్తున్నాను, విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. కింద రాసేదంతా ఆ చదువు, ఆ అనుభవం రెండూ కలిసినదే.

మతం సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మనలో చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇండోనేషియాలో ఇరవై కోట్లకు పైగా ముస్లింలు ఉన్నారు. 1998లో నియంత సుహార్తో దిగిపోయాక అక్కడ ఓట్లతోనే అధ్యక్షులు మారుతున్నారు. సెనెగల్‌లో నూటికి తొంభై మందికి పైగా ముస్లింలే. 2024 ఫిబ్రవరిలో అధ్యక్షుడు మాకీ సాల్ ఎన్నికలను వాయిదా వేయబోతే అక్కడి రాజ్యాంగ మండలి కుదరదంది. మార్చిలో ఎన్నికలు జరిగాయి. పోలింగ్‌కు పది రోజుల ముందు జైలు నుంచి బయటికి వచ్చిన ప్రతిపక్ష అభ్యర్థి బసిరు దియోమాయే ఫాయే గెలిచి అధ్యక్షుడయ్యారు. ఆ రాజ్యాంగ మండలిని కాస్త గుర్తుపెట్టుకోండి, ట్యునీషియాలో కొరవడింది అదే. పైగా అరబ్ బారోమీటర్ అనే సంస్థ ఏళ్ల తరబడి చేస్తున్న సర్వేల్లో చాలా అరబ్ దేశాల్లో ఎక్కువమంది "లోపాలున్నా ప్రజాస్వామ్యమే మేలు" అనే చెబుతున్నారు. అయితే 2022లో వచ్చిన ఫలితాల్లో, ప్రజాస్వామ్యంలో ఆర్థిక పరిస్థితి దిగజారుతుంది అనేవాళ్లు బాగా పెరిగారు. పదేళ్ల పాటు కళ్లారా చూశాక వాళ్లు అన్న మాట అది. తేలిగ్గా కొట్టిపారేయలేం.

ట్యునీషియా: అన్నీ ఉండి, ఒక్కటి లేక

2010 డిసెంబరు 17న సీదీ బూజీద్ అనే ఊళ్లో తోపుడుబండి మీద పళ్లు అమ్ముకునే మొహమ్మద్ బువజీజీ, అధికారులు సరుకు లాక్కుని అవమానించారన్న బాధతో ఒంటికి నిప్పంటించుకున్నాడు. నెల తిరక్కుండానే, 2011 జనవరి 14న, 23 ఏళ్లు ఏలిన బెన్ అలీ సౌదీ అరేబియాకు పారిపోయాడు. ఆ తర్వాత ట్యునీషియా చాలా వివేకంగా నడిచింది. అక్టోబరు ఎన్నికల్లో ఇస్లామిక్ పార్టీ ఎన్నహదాకు 217 స్థానాల్లో 89 వచ్చాయి. ఆ పార్టీ రెండు సెక్యులర్ పార్టీలతో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. 2013లో ఇద్దరు వామపక్ష నాయకులు, షొక్రీ బెలాయిద్, మొహమ్మద్ బ్రాహ్మీ, హత్యకు గురయ్యారు. దేశం అంతర్యుద్ధం అంచుకు వెళ్లింది. అప్పుడు కార్మిక సమాఖ్య యూజీటీటీ, పారిశ్రామికవేత్తల సంఘం, మానవ హక్కుల సంఘం, న్యాయవాదుల సంఘం నాలుగూ కలిసి పార్టీలన్నింటినీ ఒకచోట కూర్చోబెట్టాయి. ఎన్నహదా ప్రభుత్వం తనంతట తాను తప్పుకుంది. 2014 జనవరిలో 200 ఓట్లతో కొత్త రాజ్యాంగం ఆమోదం పొందింది. ఆ నాలుగు సంస్థలకూ కలిపి 2015లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

ఇక్కడ ఒక చిన్న సంఘటన ఉంది. ఎక్కువమంది పట్టించుకోరు కానీ నా దృష్టిలో చాలా ముఖ్యం. 2014లో ఎన్నికల చట్టం చేసేటప్పుడు, బెన్ అలీ హయాంలో పదవులు చేసినవాళ్లను పోటీ చేయనివ్వకూడదన్న నిబంధన ఓటింగుకు వచ్చింది. ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. ఆ ఏడాదే పాత వ్యవస్థలో పెరిగిన బెజీ కైద్ ఎసెబ్సీ అధ్యక్షుడయ్యారు. ఎన్నహదా ఓటమిని ఒప్పుకుంది. పాతవాళ్లకు మళ్లీ గెలిచే దారి, కొత్తవాళ్లకు ఓడినా బతికే దారి, రెండూ కలిసి దొరికాయి. ఆ ఏడేళ్లు ట్యునీషియా నిలబడిందంటే అందుకే.

దీని పక్కన లిబియాను పెట్టి చూడండి. 2013 మేలో సాయుధ మూకలు మంత్రిత్వ శాఖల భవనాలను చుట్టుముట్టి ఉండగా, పాత నియంత గడాఫీ కాలంలో ఏ పెద్ద పదవి చేసినా రాజకీయాలకు అనర్హుడే అని పార్లమెంటు చట్టం చేసింది. ఆ దెబ్బకు రాజీనామా చేసినవారిలో ఆ పార్లమెంటు అధ్యక్షుడు మొహమ్మద్ మగారియాఫ్ కూడా ఉన్నారు. ఆయన 1980లో మన ఢిల్లీలో లిబియా రాయబారిగా ఉంటూనే గడాఫీని ధిక్కరించి ప్రతిపక్షంలో చేరిన మనిషి. సుమారు ముప్ఫై ఏళ్లు ప్రవాసంలో గడిపారు. అలాంటి ఆయనే అనర్హుడైతే మిగిలినవాళ్లు ఎవరిని నమ్ముతారు? మరుసటి ఏడాదికల్లా దేశం రెండు ప్రభుత్వాలుగా చీలింది. ఆ చీలిక ఇంకా అతకలేదు.

మరి ట్యునీషియా ఎందుకు పడిపోయింది? 2014 రాజ్యాంగంలో 12 మంది సభ్యులతో రాజ్యాంగ న్యాయస్థానం ఉండాలని రాశారు. నలుగురిని పార్లమెంటు, నలుగురిని న్యాయ మండలి, నలుగురిని అధ్యక్షుడు ఎంపిక చేయాలి. పార్లమెంటు ఎన్నుకోవాలంటే 145 ఓట్లు కావాలి. ప్రతి పార్టీ తన మనిషి ఉండాలని పట్టుబట్టింది. ఏళ్లు గడిచినా పార్లమెంటు తరఫున ఒక్కరే ఎన్నికయ్యారు. రేపు ఎటూ మన మెజారిటీయే వస్తుంది, అప్పుడు చూద్దాంలే అని అందరూ అనుకున్నారు. ఆ న్యాయస్థానం అసలు ఏర్పడనే లేదు.

2019లో న్యాయశాస్త్ర అధ్యాపకుడు కైస్ సయీద్ 70 శాతానికి పైగా ఓట్లతో అధ్యక్షుడయ్యారు. 2021 జులై 25న, కోవిడ్ చావులతో, నిరుద్యోగంతో జనం విసిగిపోయి ఉన్న సమయంలో, ఆయన రాజ్యాంగంలోని 80వ అధికరణం కింద అత్యవసర అధికారాలు తీసుకుని ప్రధానిని తొలగించారు, పార్లమెంటును స్తంభింపజేశారు. నిజానికి ఆ అధికరణం ప్రకారం అత్యవసర కాలంలో పార్లమెంటు నడుస్తూనే ఉండాలి. ముప్ఫై రోజుల తర్వాత ఆ పరిస్థితి ఇంకా కొనసాగాలా వద్దా అని తేల్చాల్సింది రాజ్యాంగ న్యాయస్థానం. లేని న్యాయస్థానానికి ఎవరు వెళ్లగలరు? ఆ రాత్రి పార్లమెంటు గేటుకు అడ్డంగా సైనిక వాహనం నిలబడింది. స్పీకర్ రాషిద్ ఘన్నూషీ గేటు బయటే ఆగిపోయారు. వీధుల్లో జనం హారన్లు మోగిస్తూ సంబరం చేసుకున్నారు.

తర్వాతవి వేగంగా జరిగాయి. 2022లో న్యాయ మండలి రద్దయింది, 57 మంది జడ్జీలను తీసేశారు, కొత్త రాజ్యాంగం వచ్చింది. ఆ ఏడాది చివర్లో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో ఓటేసింది సుమారు 11 శాతం. 2023లో ఘన్నూషీ అరెస్టయ్యారు. 2024 అక్టోబరులో సయీద్ 90 శాతం పైచిలుకు ఓట్లతో మళ్లీ గెలిచారు. ప్రత్యర్థుల్లో ఒకరైన అయాషీ జమ్మెల్ అప్పటికి జైల్లో ఉన్నారు.

ఈజిప్టు: ఒకే ఆఫీసులో రెండు ఎన్నికలు

మా ఆఫీసులో ఈజిప్షియన్లు చాలామంది ఉండేవారు. విదేశాల్లో ఉన్న ఈజిప్టు పౌరులకు ఓటు హక్కు 2011లో నియంత ముబారక్ పడిపోయాకే వచ్చింది. 2012 మేలో అధ్యక్ష ఎన్నికలప్పుడు బ్యాలెట్ పత్రాన్ని వెబ్‌సైటు నుంచి ప్రింట్ తీసుకుని ఎంబసీకి పోస్టు చేయాలి, లేదా స్వయంగా ఇచ్చి రావాలి. నా పక్క సీటు అకౌంటెంటు ఆఫీసు ప్రింటర్‌లో ఆ పత్రం తీసి, ఆరేవరకు చేత్తో ముట్టుకోకుండా బల్ల మీద ఉంచాడు. పదమూడు పేర్లు, పక్కన గుర్తులు: త్రాసు, నిచ్చెన, గద్ద, గుర్రం, సూర్యుడు. నలభై దాటిన మనిషి, తన జీవితంలో నిజమైన ఎన్నికలో ఓటు వేయడం అప్పుడే మొదలు. గద్ద గుర్తు మీద, అంటే హమ్దీన్ సబాహీ మీద, గీత పెట్టాడు.

మొదటి రౌండులో ముస్లిం బ్రదర్‌హుడ్ అనే ఇస్లామిక్ సంస్థ అభ్యర్థి మొహమ్మద్ మొర్సీకి దాదాపు 25 శాతం, ముబారక్ చివరి ప్రధాని అహ్మద్ షఫీక్‌కు 24, సబాహీకి 21, బ్రదర్‌హుడ్ నుంచి బయటికొచ్చిన అబుల్ ఫుతూహ్‌కు 17 పైన వచ్చాయి. విప్లవం పేరు చెప్పుకున్న చివరి ఇద్దరి ఓట్లు కలిపితే 38 శాతం. విడివిడిగా ఇద్దరూ అవుట్. జూన్‌లో రెండో రౌండు వచ్చేసరికి మా అకౌంటెంటుకు మిగిలింది పాత ప్రభుత్వమా, బ్రదర్‌హుడ్డా అన్న ప్రశ్న. ఈసారి ప్రింట్ తీయలేదు.

మొర్సీ 51.7 శాతంతో గెలిచారు. ఓడిన షఫీక్ రోజుల్లోనే అబుదాబీ వెళ్లిపోయారు. నవంబరులో మొర్సీ తన ఆదేశాలను ఏ కోర్టూ ప్రశ్నించరాదని ప్రకటించారు. అంతకు కొన్ని నెలల ముందే, కోర్టు తీర్పుతో, ఎన్నికైన పార్లమెంటు రద్దయింది కాబట్టి ఆయన భయం ఆయనకుంది. కానీ ఆ ప్రకటన చూశాక, ఇతను ఇక దిగడని మిగతావాళ్లంతా భయపడ్డారు. 2013 జూన్ 30న లక్షలాది మంది వీధుల్లోకి వచ్చారు. జులై 3న సైన్యాధిపతి అబ్దుల్ ఫతా అల్ సీసీ మొర్సీని దించేశారు. మా అకౌంటెంటు ఆ రోజు స్వీట్లు పంచాడు. ఆగస్టు 14న కైరోలోని రబా కూడలిలో మొర్సీ మద్దతుదారుల శిబిరాన్ని ఖాళీ చేయిస్తూ భద్రతా బలగాలు ఒక్కరోజులో కనీసం 817 మందిని చంపాయని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క తేల్చింది. ఆ తర్వాత అతను రాజకీయాలు మాట్లాడటం మానేశాడు. అతన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. భయంలో ఉన్న మనిషి దగ్గర్లో కనిపించిన బలవంతుణ్ణి నమ్ముతాడు.

మొర్సీ 2019 జూన్‌లో కోర్టు విచారణ మధ్యలోనే కూలిపోయి చనిపోయారు. అదే ఏడాది రాజ్యాంగ సవరణతో సీసీ 2030 దాకా కొనసాగే వీలు కలిగింది.

బయటి డబ్బు

దీన్ని తక్కువ అంచనా వేయకండి. మొర్సీ దిగిన కొద్ది రోజుల్లోనే సౌదీ, యూఏఈ, కువైట్ కలిపి కైరోకు 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాయి. అమెరికా ఏటా ఈజిప్టు సైన్యానికి ఇచ్చే 130 కోట్ల డాలర్లు కొంతకాలం ఆగి మళ్లీ మొదలయ్యాయి. 2011 మార్చిలో బహ్రెయిన్‌లో జనం తిరగబడితే సౌదీ నాయకత్వంలో గల్ఫ్ బలగాలు వంతెన దాటి వెళ్లాయి. నాలుగు రోజులకు నిరసనకారులు చేరే పెరల్ కూడలిలోని స్తంభాన్నే కూల్చేశారు. ట్యునీషియా కష్టాల్లో ఉన్నప్పుడు మాత్రం పొగడ్తలు వచ్చినంతగా డబ్బు రాలేదు. పళ్లబండి మనిషి చావుతో మొదలైన విప్లవం పదేళ్ల తర్వాత కూడా సీదీ బూజీద్ కుర్రాళ్లకు ఉద్యోగాలు ఇవ్వలేకపోయింది.

గల్ఫ్ చమురు దేశాల్లో పాలకులు జనం దగ్గర ఆదాయపు పన్ను వసూలు చేయరు, జనానికే పంచుతారు. 2011 ఫిబ్రవరి, మార్చిల్లో సౌదీ రాజు సుమారు 13,000 కోట్ల డాలర్ల రాయితీలు ప్రకటించారు. కువైట్‌లో ప్రతి పౌరుడికీ 1,000 దీనార్లు, ఏడాదికి పైగా ఉచిత రేషన్ ఇచ్చారు. మా వీధి చివరి జమియాలో, అంటే సహకార దుకాణంలో, కువైటీలు బియ్యం, పాలపొడి, నూనె ట్రాలీల నిండా నింపుకుంటుంటే వాటిని కార్లలోకి ఎక్కించింది మన రాయచోటి, రాజంపేట కుర్రాళ్లే.

ఇక కువైట్, మీ అన్నయ్య సంగతి

కువైట్ పార్లమెంటు ఉత్తుత్తిది కాదు. 1962 రాజ్యాంగంతో ఏర్పడింది, 50 మంది ఎన్నికైన సభ్యులు. మంత్రులను నిలబెట్టి ప్రశ్నించేది. 2006లో అనారోగ్యంతో ఉన్న ఎమీర్‌ను, అంటే దేశాన్ని ఏలే రాజును, ఓటుతో తప్పించిన సభ అది. గల్ఫ్‌లో మరెక్కడా అలాంటిది ఊహించలేం. 1976లో, 1986లో కూడా మూతపడి మళ్లీ తెరుచుకుంది. 2024 మే 10న ఎమీర్ షేక్ మిషాల్ దాన్ని రద్దు చేసి, నాలుగేళ్లకు మించకుండా అంటూ రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నిలిపివేశారు. ఆ తర్వాత వేలమంది పౌరసత్వాలు రద్దయ్యాయి. వాళ్లలో కువైటీలను పెళ్లాడి పౌరసత్వం పొందిన విదేశీ మహిళలు చాలామంది. సభ నడుస్తూ ఉంటే ఇది ఇంత నిశ్శబ్దంగా జరిగేది కాదు.

కానీ మనవాళ్ల కోణంలో ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఎన్నికైన సభ ఉన్నంత మాత్రాన వలస కార్మికుడికి మేలు జరగదు. 2015లో ఇంటి పనివాళ్లకు వారానికో సెలవు, ఏడాదికి నెలరోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని చట్టం చేసింది ఆ పార్లమెంటే. 2020లో భారతీయులు జనాభాలో 15 శాతానికి మించకూడదన్న బిల్లుకు పచ్చజెండా ఊపింది కూడా ఆ పార్లమెంటు కమిటీయే. ఓటు కువైటీది కాబట్టి ఎంపీ వినేది కువైటీ మాట. మీ అన్నయ్య అకామా (నివాస అనుమతి), కఫీల్ (స్పాన్సర్) సమస్యలు పార్లమెంటు మూసినా తెరిచినా ఒక్కరోజులో మారవు. ఆయన ఎంబసీ నంబరు దగ్గర పెట్టుకోవాలి. అక్కడి రాజకీయాల మీద వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో ఏమీ రాయకూడదు. ఇది నేను చాలా గట్టిగా చెబుతున్నాను, ఒక్క ఫార్వర్డ్ మెసేజ్‌కు ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

నా వాదనకు ఒక మినహాయింపు కూడా ఉంది. లెబనాన్, ఇరాక్‌లలో ఎన్నికలు జరుగుతాయి, ఓడిన నాయకులు క్షేమంగానే ఉంటారు. అక్కడి చిక్కు వేరు. పదవులు మతవర్గాల వారీగా పంచేసుకోవడంతో పెద్ద నాయకులెవరూ నిజంగా ఓడరు. 2019 అక్టోబరులో బేరూత్‌లో, బాగ్దాద్‌లో యువత తిరగబడింది ఆ పంపకం మీదే. యెమెన్ సంగతి విడిగా రాయాలి. 2015 నుంచి అది పొరుగు దేశాల యుద్ధం కూడా అయిపోయింది.

ఆశ ఎక్కడుంది?

నన్నడిగితే ఎన్నికల తేదీలకన్నా సంఘాలను చూడండి. సూడాన్‌లో 2018 డిసెంబరులో రొట్టె ధర మీద అత్‌బారా పట్టణంలో మొదలైన నిరసనలు 30 ఏళ్ల ఒమర్ అల్ బషీర్ పాలనను 2019 ఏప్రిల్‌లో ముగించాయి. 2021లో సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. 2023 ఏప్రిల్ నుంచి సైన్యం, ఆర్ఎస్ఎఫ్ అనే సాయుధ దళం దేశాన్ని నాశనం చేస్తున్నాయి. అంత ఘోరంలోనూ, విప్లవకాలంలో వీధివీధినా పుట్టిన కమిటీల కుర్రాళ్లే అత్యవసర బృందాలుగా మారి సామూహిక వంటశాలలు నడుపుతున్నారు, గాయపడినవాళ్లను మోస్తున్నారు. రేపు తుపాకులు ఆగిన రోజున ఆ దేశంలో జనం నమ్మేది వాళ్లనే. ట్యునీషియాలో యూజీటీటీ, లాయర్ల సంఘం ఒత్తిడిలో ఉన్నా ఇంకా ఉన్నాయి. మొరాకోలో 2025 సెప్టెంబరులో జెన్‌జీ 212 పేరుతో రోడ్డెక్కిన పిల్లలు 2011 నాటికి ఇంకా పసివాళ్లు. వాళ్లు అడిగింది ఆస్పత్రులు, బడులు.

సిరియాను మాత్రం దగ్గరగా గమనించమంటాను. 2024 డిసెంబరు 8న నియంత అసద్ పారిపోయాడు. తిరుగుబాటు దళాల నాయకుడు అహ్మద్ అల్ షరా అధ్యక్షుడై, 2025 మార్చిలో ఐదేళ్ల మధ్యంతర రాజ్యాంగ ప్రకటన మీద సంతకం చేశారు. అక్టోబరులో పరోక్ష పద్ధతిలో జరిపిన ఎన్నికల్లో 210 స్థానాల్లో మూడో వంతు అధ్యక్షుడి నియామకానికే వదిలారు. మైనారిటీ మతవర్గాలైన అలవీలు తీరప్రాంతంలో, ద్రూజులు దక్షిణాన స్వైదాలో హత్యలకు గురయ్యారు. ఓడినవాడికి రక్షణ అన్న మాట వాళ్ల విషయంలో ప్రాణాలకు సంబంధించినది. ఆ మధ్యంతర ప్రకటన ప్రకారం రాజ్యాంగ న్యాయస్థానంలో ఏడుగురు ఉంటారు, ఏడుగురినీ అధ్యక్షుడే నియమిస్తారు. శాశ్వత రాజ్యాంగం రాసేటప్పుడు ఈ ఒక్క నిబంధన మారుతుందా, అందులో కనీసం కొందరినైనా అధ్యక్షుడి చేతిలో లేనివాళ్లు ఎంపిక చేస్తారా అన్నది చూడండి. డమాస్కస్‌లో ఎన్నికలు ఎప్పుడు పెడతారన్న వార్తకన్నా నేను ఎదురుచూస్తున్నది ఆ వార్త కోసం.